ఎవరి అంకె వాళ్ళే చెప్పాలి

శాంసన్ చేతిలో ఉన్నది ఇరవై. కావలసింది ఇరవై ఒకటి.

దసరా సెలవులకు ముందురోజు సాయంత్రం నాలుగింటికి, చర్చా సాహితీ సంఘం హాలు మెట్ల మీద కూర్చుని అతను మూడోసారి లెక్క వేశాడు. బి.కాం. వాళ్ళు ఎనిమిది. బి.ఎస్సీ. వాళ్ళు ఐదు. ఎం.ఏ. తెలుగు నాలుగు. హాస్టల్ గదుల్లోంచి బజ్జీలు ఆశపెట్టి లాక్కొచ్చిన వాళ్ళు ఇద్దరు. తను ఒకడు. ఎటు తిప్పి కలిపినా ఇరవయ్యే.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్ళే రోడ్డు పక్కనున్న ఆ విశ్వవిద్యాలయం ఒకప్పుడు చిన్న కాలేజీ. కాలేజీ వయసు అరవై ఏళ్ళు, సంఘం వయసూ అరవై ఏళ్ళే. కొత్త బిల్డింగులన్నీ గేటు దగ్గర లేచాయి. సంఘం హాలు మాత్రం వెనక, సీతాఫలం చెట్ల మధ్య ఒంటరిగా మిగిలిపోయింది. రాతి గోడలు, రేకుల కప్పు, మనిషి ఎత్తుకు పైన ఇనుప ఊచలు, వాటి వెనక అద్దాలు ఉన్న కిటికీలు, ఒకే ఒక్క తలుపు.

మొన్న జూన్‌లో శాంసన్ కార్యదర్శి అయ్యేనాటికి సంఘంలో ఉన్నది నలుగురు. మూడు నెలల్లో నలుగురిని ఇరవై చేశాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సాయం రాలేదు. తనే పోస్టర్లు రాశాడు, తనే క్లాసు క్లాసుకూ తిరిగాడు. చేవెళ్ల సర్కారు బడిలో పదేళ్ళు వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చున్న తను, ఈ హాల్లోనే మొదటిసారి నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాడు. అది అతను మరిచిపోలేదు.

ఆఫీసు వాళ్ళ కాగితం మాత్రం వేరే మాట చెప్పింది. కోరం ఇరవై ఒకటి. రెండు టర్ములుగా కోరం లేదు. ఈ టర్ములో కూడా లేకపోతే సంఘం రద్దు, హాలు జిమ్ముకు. ఈ టర్ముకు ఈరోజే ఆఖరు.

సంఘం సభ్యత్వం జీవితాంతం ఉంటుంది. అందుకని పాత సభ్యులకు నలభై మూడు ఫోన్లు చేశాడు. ఒక్కాయన ఒప్పుకున్నాడు, అజీజ్‌నగర్‌లో రిసార్టు మేనేజరు. ఆయన కూడా మూడున్నరకు ఫోన్ చేసి, పెళ్ళి పార్టీ దిగింది తమ్మీ, ఏమనుకోకు అన్నాడు.

శాంసన్ లేచి హాల్లోకి వెళ్ళి పాత రిజిస్టర్ల బీరువా తెరిచాడు.

ప్రతి సమావేశం కింద రెండు వరసలు ఉంటాయి. ‘లోపలికి ఇందరు, బయటికి ఇందరు.’ ఇది సంఘం ఆచారం. సమావేశం అయ్యాక ఒక్కొక్కరే గడప దాటుతూ తన అంకె పైకి చెప్పాలి. ఒకటి, రెండు, మూడు... కార్యదర్శి దీపం ఆర్పి అందరికన్నా వెనక వస్తాడు, చివరి అంకె అతనిది. రెండు వరసలు కలిస్తేనే తలుపుకు తాళం. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. అదొక సరదా అనుకునేవాళ్ళు.

1983 నాటి రిజిస్టరులో ఒక పేజీ దగ్గర అతనికి నవ్వొచ్చింది. దసరా సెలవులకు ముందురోజు సమావేశం. ‘లోపలికి 21. బయటికి 21.’ ఆ రెండో ఇరవై ఒకటిని ఎవరో తరవాత ఎర్ర సిరాతో కొట్టేసి ‘20’ అని రాశారు. దాని కింద అదే ఎర్ర సిరాతో, ‘ఇకపై ఎవరి అంకె వాళ్ళే చెప్పాలి.’

డిగ్రీ చదివేవాళ్ళకు ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టడం రాలేదు అనుకున్నాడు శాంసన్.

ఆ పేజీలో చివరి పేరు పి. ఎస్తేర్, బి.ఏ. రెండో సంవత్సరం, చిన్న మంగళారం. సంతకం గుండ్రంగా, చిన్నపిల్లల రాతలా ఉంది. దించడం తేలిక. చిన్న మంగళారం కూడా పక్కనే, వచ్చిందంటే ఎవరైనా నమ్ముతారు. ఈనాటి పేజీలో ఇరవై పేర్ల కింద ఆ పేరు రాసి, ఆ సంతకం పెట్టాడు.

ఇరవై ఒకటి.

మిగిలిన పనులు చిన్నవి. హాజరు పిలిచినప్పుడు ఒకరు ఆ పేరుకు పలకాలి. చివర్లో బయటికి వెళ్ళేటప్పుడు తను ఒక్క ఊపిరిలో రెండు అంకెలు చెప్పెయ్యాలి. పలకడానికి దీవెనను ఒప్పించాడు. బి.ఎస్సీ. రెండో సంవత్సరం పిల్ల, సంఘంలో అందరికన్నా గట్టి గొంతు. చివరి పేరు పిలవగానే ‘ఉన్న’ అంటే చాలన్నాడు. ఏ పేరో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

“క్లాసులల్ల ప్రాక్సీలు చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. ఇగ ఈడ కూడానా?” అంది దీవెన. అని, రెండు బజ్జీలు ఎక్కువ ఇప్పించాలని బేరం పెట్టింది.

ఐదున్నరకు అందరూ వచ్చారు. వాచ్‌మన్ శంకరయ్య వరండాలో వెదురుబుట్ట పట్టుకుని కూర్చున్నాడు. చర్చలో ఫోన్లు ఉండకూడదు, అందరూ బుట్టలో వేసి లోపలికి వెళ్ళాలి. శాంసన్ తన ఫోన్ వేసి, నీలం రెయిన్‌కోటు వరండా కొక్కేనికి తగిలించాడు. ఆకాశం అప్పటికే నల్లబడింది.

శంకరయ్య తండ్రి కూడా ఇక్కడే వాచ్‌మన్. ఒక ఏడాది దసరా అయ్యాక ఉన్నపళంగా పని మానేశాడట. చాలా ఏళ్ళ తరవాత కొడుకు ఇదే పనికి కుదిరినప్పుడు ఒక్క మాట చెప్పాడట.

“అంకె ఇనుడు కాదురా, మొఖం చూడు అన్నడు బిడ్డా. గిప్పుడు నాకు మొఖాలేడ కనవడతయ్? రెండు కండ్లల్ల పొరలే.” శంకరయ్య నవ్వాడు.

విద్యార్థి సంక్షేమం ఆఫీసు నుంచి రత్నాకర్ సార్ కాస్త ఆలస్యంగా వచ్చాడు. సభ్యులు కానివాళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి వరండాలోనే కుర్చీ వేయించుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఫోన్లో క్రికెట్ చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు కావలసింది రెండు అంకెలు.

అధ్యక్షుడు బాల్‌రాజ్ ఇత్తడి గంట మోగించాడు. శాంసన్ వేదిక పక్కన నిలబడి హాజరు పిలిచాడు. ఒక్కో పేరుకు ఒక్కో గొంతు ‘ఉన్న’ అంటోంది. అతను వేళ్ళ మీద కాదు, మనసులోనే లెక్కపెడుతున్నాడు. పద్ధెనిమిది. పందొమ్మిది. తన పేరు తనే చదువుకుని తనే పలికాడు, అందరూ నవ్వారు.

“పి. ఎస్తేర్.”

ఒక్క క్షణం ఏమీ లేదు.

“ఉన్న.”

వెనక బెంచీల వైపు నుంచి వచ్చింది. దీవెన గొంతే, కాస్త మెత్తగా, నిద్రలోంచి లేచినట్టు. భలే చేసింది అనుకుంటూ శాంసన్ ఆమె కోసం వెతికాడు. దీవెన వెనక లేదు. ముందు వరసలో, అతనికి ఆరడుగుల దూరంలో కూర్చుని ఉంది. నోరు కొద్దిగా తెరిచి, అతనివైపే చూస్తోంది.

గొంతు వెనక్కి విసిరే విద్య కూడా వచ్చన్నమాట అనుకుని, రిజిస్టరు మూసి, తలుపులోంచి “ఇరవై ఒకటి సార్” అని చెప్పాడు. బయట రత్నాకర్ సార్ రాసుకున్నాడు.

చర్చ మొదలైంది. పొలాలు ఫామ్‌హౌజులు కావడం ఊరికి మేలా కాదా అన్నది విషయం. మేలేనన్న కుర్రాడు రోడ్లు, కరెంటు, కొలువులు అన్నాడు. కాదన్న బాల్‌రాజ్ కుర్చీ దిగివచ్చి, మా బాపు అమ్మిన భూమికి ఇయ్యాల మా బాపే వాచ్‌మన్, సొంత మామిడిచెట్టు కాయ కోయాలంటే గేటుకాడ పర్మిషన్ అడగాలె అన్నాడు. నవ్వులు లేచాయి, తరవాత ఆగిపోయాయి. సంఘం మళ్ళీ ఊపిరి పీలుస్తోంది అనిపించింది శాంసన్‌కు.

అప్పుడే వాన దిగింది. రేకుల మీద కంకర గుమ్మరించినట్టు చప్పుడు. కరెంటు పోయింది. బాల్‌రాజ్ బీరువా పైనుంచి పాత కందిలి తీసి వెలిగించాడు. పసుపు వెలుగు ముందు మూడు వరసల దాకా వెళ్ళి ఆగింది. వెనక బెంచీలు చీకట్లో కలిసిపోయాయి. అక్కడినుంచి ఒక వాసన రావడం మొదలైంది. తడిసిన బట్ట, ఆరకుండా ఎన్నాళ్ళో మడిచి పెట్టిన బట్ట వాసన. వాన కదా అనుకున్నారు.

ఓటు వేసే పద్ధతి కూడా సంఘానికి సొంతం. ఔనంటే చింతగింజ, కాదంటే కుంకుడుగింజ. దీపం తగ్గించేస్తారు. ఒక్కొక్కరే చీకట్లో వచ్చి వేదిక మీది ముంతలో గింజ వేసి వెళతారు. ఇరవై ఒకటి తేలాలి కాబట్టి శాంసన్ గుప్పిట్లో రెండు గింజలు పెట్టుకున్నాడు.

బాల్‌రాజ్ వత్తి తగ్గించాడు.

టక్... టక్... అడుగుల చప్పుడు, గింజ చప్పుడు. శాంసన్ అలవాటుగా లెక్కపెట్టాడు. పందొమ్మిది పడ్డాయి. తనూ వంగి ఒకటి వేశాడు. ఇరవై. రెండోది వెయ్యడానికి వేళ్ళు విప్పబోతుండగా...

టక్.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. అతని మోచేతి పక్కనుంచి ఎవరో వెనక్కి మళ్ళినట్టు చల్లటి గాలి తగిలింది. అడుగుల చప్పుడు లేదు.

దీపం పెంచి, ముంత వంచి లెక్కపెట్టారు. కుంకుడుగింజలు పదకొండు, చింతగింజలు పది. ఇరవై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటే. అతని రెండో గింజ ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది, చెమటకు తడిసి. ముంతలోంచి వచ్చిన కుంకుళ్ళలో ఒకటి మిగతావాటిలా నల్లగా మెరవడం లేదు. బూడిద రంగులో, పొట్టులా తేలిగ్గా, లోపల పురుగు తిని డొల్లగా ఉంది.

‘కాదు’ ఒక్క ఓటుతో గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య దీవెన వచ్చి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

“గా పేరెందుకు రాసినవ్?”

“ఏదో పాత పేరు. మంచిగ చెప్పినవ్ కదా, ఇంకేంది?”

“నేను అనలే.”

శాంసన్ వెనక బెంచీల వైపు చూశాడు.

“నోరు రాలే నాకు. అది మా అవ్వ చెల్లె పేరు శాంసన్...”

గొంతు తగ్గించి, వాన చప్పుడు కింద, గబగబా చెప్పింది. 1983లో ఇట్లాగే దసరా ముందురోజు, ఇట్లాగే వాన. బస్సు వచ్చిందని అందరూ పరుగు పెట్టారు. ఎస్తేర్ వెనక బెంచీ కింద పడిపోయిన తన పుస్తకం వెతుక్కుంటోంది. ఎవరో ఒకడు తొందర కొద్దీ, నవ్వులాటకు, గడప దగ్గర రెండు అంకెలు చెప్పేశాడు. లెక్క కలిసింది, తాళం పడింది. సెలవుల్లో వికారాబాద్‌లో స్నేహితురాలి ఇంటికి పోతానని ఇంట్లో ముందే చెప్పి ఉంది కాబట్టి ఎవరూ వెతకలేదు. సెలవులు అయ్యాక తలుపు తీశారు. వాళ్ళ అవ్వ ఈ కథ ఒక్కసారే చెప్పిందట, మళ్ళీ ఆ పేరు ఎత్తలేదట.

“రెండు అంకెలు చెప్పకు. ఇరవై అని చెప్పి బయటికి రా. సంఘం పోతే పోనీ.”

శాంసన్ తలుపు వైపు చూశాడు. తలుపు లోపలి వైపు, కింద, మోకాలి ఎత్తున గీతలు ఉన్నాయి. నాలుగు నిలువు, ఒక అడ్డం, మళ్ళీ నాలుగు నిలువు. మొత్తం తొమ్మిది. జూన్‌లోనే చూశాడు. పాతకాలం కార్యదర్శి ఎవరో కింద కూర్చుని తలలు లెక్కపెట్టాడనుకున్నాడు. తలలు లెక్కపెట్టేవాడు నేల మీద ఎందుకు కూర్చుంటాడు అని అప్పుడు అనుకోలేదు.

తొమ్మిది రోజులు.

“సరే. ఇరవై అనే చెప్త. నువ్వు పో,” అన్నాడు.

బయట రోడ్డు మీద హారన్ వినిపించింది. చేవెళ్ల నుంచి పట్నం పోయే ఆఖరి బస్సు. అది పోతే సెలవులకు ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు తడుస్తూ నిలబడాల్సిందే. అందరూ తలుపు దగ్గర గుమిగూడారు. శంకరయ్య తాళం చేత్తో పట్టుకుని గడప అవతల నిలబడ్డాడు. రత్నాకర్ సార్ ఫోను వెలుగులో కాగితం మీద గీతలు పెడుతున్నాడు, తల ఎత్తకుండా.

“ఒకటి.” “రెండు.” “మూడు.”

శాంసన్ వేదిక దగ్గరే ఉండి వింటున్నాడు. ప్రతి గొంతూ తెలుసు. ఏడు బాల్‌రాజ్. పద్నాలుగు ఎప్పుడూ జలుబు చేసి ఉండే పిల్ల. పద్ధెనిమిది దాటాక దీవెన గడప మీద ఆగి వెనక్కి చూసింది.

“పందొమ్మిది,” అంది. వెళ్ళిపోయింది.

కందిలి గాజు పైకెత్తి ఊదాడు. చీకటి. అగ్గిపెట్టె పక్కనే పెట్టి తలుపు వైపు నడిచాడు. పదకొండు అడుగులు. సగం దూరంలో ఆగాడు. ఒక్క అంకె చెప్తే సంఘం ఉండదు. ఇరవై అంటే చాలు, ఈ బెంచీలు పోతాయి, ఈ ముంత పోతుంది, జూన్ నుంచి చేసిందంతా పోతుంది. దుఃఖం వచ్చింది. గొంతు సవరించుకోవడానికి ఒక్క ఊపిరి పట్టింది. అంతే. ఒక్క ఊపిరి.

తడిబట్ట వాసన అతని భుజాన్ని రాసుకుంటూ ముందుకు వెళ్ళింది.

“ఇరవై.”

దీవెన గొంతులాంటి గొంతు. వెంటనే, అదే ఊపిరిలో...

“ఇరవై ఒకటి.”

అది అతని గొంతు. శాంసన్ గొంతు. చేవెళ్ల యాసతో సహా.

“సరిపోయింది,” అన్నాడు బయట రత్నాకర్ సార్. “ఏయ్ తాతా, తాళం వేసెయ్.”

తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది.

శాంసన్ వెళ్ళి తలుపును గుద్దాడు. అరిచాడు. రేకుల మీద వాన అతని అరుపును అరచేత్తో మూసినట్టు మూసేసింది. చెప్పు తీసి కొట్టాడు. శంకరయ్య పేరు పిలిచాడు, దీవెన పేరు పిలిచాడు. బెంచీ లాగి, దాని మీదికెక్కి, ఊచలు పట్టుకుని అద్దంలోంచి చూశాడు.

వరండాలో బుట్ట బోర్లించి ఉంది. ఖాళీ. కొక్కేనికి రెయిన్‌కోటు లేదు. గేటు వైపు వెళ్ళే బాట మీద ఫోన్ల వెలుగులు ఊగుతూ పోతున్నాయి. అన్నిటికన్నా వెనక ఇద్దరు నడుస్తున్నారు. ఒకరు దీవెన, ఆమె పసుపు గొడుగు అతనికి తెలుసు. పక్కన నీలం రెయిన్‌కోటు, తల మీదికి టోపీ లాగుకుని. ఆ చేతిలో అతని ఫోన్ వెలుగుతోంది. దీవెన ఏదో అంది, రెయిన్‌కోటు వైపు తిరిగి నవ్వింది. గండం గడిచిందన్న నవ్వు.

అద్దం మీద గుద్దాడు. ఎవరూ తిరగలేదు. ఒక్క రెయిన్‌కోటు మాత్రం ఆగింది. వెనక్కి తిరగలేదు. ఆగి, మళ్ళీ నడిచింది.

బస్సు లైట్లు చెట్ల మధ్యనుంచి జారిపోయాయి.

శాంసన్ బెంచీ దిగాడు. భయం వేసినప్పుడు అతనికి తెలిసిన పని ఒకటే. లెక్క. సెలవులు పదమూడు రోజులు. హాస్టళ్ళు ఈ రాత్రికే ఖాళీ. శంకరయ్య రేపు పొద్దున ఊరికి పోతాడు. నీళ్ళసీసాలో సగం. బజ్జీల పొట్లంలో నాలుగు. అగ్గిపెట్టె వేదిక మీద. కందిలిలో గంటకు సరిపడా నూనె. వెలిగించి కిటికీలో పెడితే, శంకరయ్య ఈ రాత్రి గేటు దాటేలోగా చూడొచ్చు. కళ్ళలో పొరలున్నా దీపం దీపమే.

కానీ ముందు ఒక లెక్క తేలాలి. బయటికి వెళ్ళినవి ఇరవై ఒకటి. అంటే ఆమె వెళ్ళిపోయింది. అంటే లోపల ఉన్నది తను ఒక్కడే. అంతే కదా? కూడికలో తప్పు లేదు. తనకు తను ధైర్యం చెప్పుకోవడానికి, సంఘం ఆచారం ప్రకారం, చీకట్లో తన అంకె తను పైకి చెప్పాడు.

“ఒకటి.”

వాన ఒక్కసారిగా ఆగినట్టయింది. ఆగలేదు, అతనికే వినిపించడం లేదు.

వేదిక దగ్గర, అగ్గిపెట్టెలో పుల్లలు కదిలిన చప్పుడు.

“రెండు...”

దీవెన గొంతు. లేకపోతే దీవెన గొంతులాంటిది. నిద్రలోంచి లేచినట్టు మెత్తగా, ఎన్నాళ్ళనుంచో తన వంతు కోసం కూర్చున్నట్టు ఓపిగ్గా.

లోపల ఉన్నది దీవెన అయితే, పసుపు గొడుగు కింద నవ్వింది ఎవరు? ఎస్తేర్ అయితే, రెయిన్‌కోటులో పోయింది ఎవరు?

వేదిక దాకా పదకొండు అడుగులు. శాంసన్ చీకట్లోకి చేతులు చాపి, మొదటి అడుగు కోసం కాలు ఎత్తాడు.